మోగే పైపు

“గిది మోగుతలేదు. ఇంకోటి చూపెట్టు,” అన్నాడు జకర్యా, ఇనుప గర్డరు ముక్కను పానాతో మరోసారి కొట్టి.

యోనాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భద్రాచలంలో వెల్డింగు షాపు పెట్టిన ఇన్నేళ్ళలో, జీపుకు కట్టే ఇనుమును కుండ బేరమాడినట్టు కొట్టి చూసినవాడిని అతను చూడలేదు. అక్క మొగుడు కాబట్టి సరిపోయింది. ఇంకొకరైతే సుత్తి చేతికిచ్చి నువ్వే చేసుకోమనేవాడు.

జకర్యా నడిపే జీపు అతనిది కాదు, వెంకటప్పయ్యది. ఆయన సత్తుపల్లి వైపు రైతు. ఇక్కడ జీపు కొని చర్ల దారిలో కిరాయికి తిప్పిస్తున్నాడు. ఈ వానాకాలంలో వాగుల్లో రాళ్ళు తగిలి, డోరు కింద రేకు మూడుసార్లు సొట్టపోయింది. మూడోసారైతే జీపు ఒక పక్కకు ఒరిగి జనం నీళ్ళలోకి దూకారు. వెంకటప్పయ్య అరిచే మనిషి కాదు. సొట్టను చేత్తో తడిమి, ఇంకొక్క సొట్ట పడితే తాళంచెవి ఇచ్చేసి వేరే పని చూసుకోమని మాత్రం అన్నాడు. అందుకే రెండు పక్కలా డోర్ల కింద, ఛాసిస్‌కు కలిపి గట్టి ఇనుము కట్టించడానికి వచ్చాడు జకర్యా. అది ఉంటే రాయి తగిలినా రేకుకు తగలదు. జీపు ఆ ఇనుము మీద జారుకుంటూ దాటిపోతుంది.

యోనా భయం వేరు. మధ్యాహ్నం అదే జీపులో అతని భార్య రిబ్కా పురిటికి చర్లలో పుట్టింటికి వెళ్తోంది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు నిలిచిన కడుపు. ఎనభై ఆరులో వచ్చిన గోదావరి వరదకు కల్వర్టు కొట్టుకుపోయి బస్సు బందైంది. ఆ దారిలో వేరే జీపులూ తిరుగుతాయి గానీ, నిండు మనిషిని పరాయి డ్రైవరు చేతుల్లో పెట్టే కంటే అక్క మొగుడు నయమనుకున్నాడు.

అందుకే ఉన్నవాటిలో బరువైన గర్డరు ముక్క ఏరి పెట్టాడు. ఏనుగు తొక్కినా వంగదని హామీ ఇచ్చాడు. జకర్యా వద్దన్నాడు. దానికంటే సన్నటి ఇనుప ఛానల్ తీస్తే అదీ వద్దన్నాడు. షాపు వెనక చెత్తలో పడి ఉన్న బోరు పైపు మీద పానాతో తట్టగానే మాత్రం అది చర్చి గంటలా ఖంగుమంది. జకర్యా మొహం విప్పారింది.

“గిదే కట్టు.”

“గిది లోపల బోలుది బావా. గట్టి రాయి తగిలితే నొక్కుకపోతది. గర్డరు ఉండంగ గిదెందుకు?”

“నొక్కుకపోతే ఇంకోటి కడ్తువు. గిదే కట్టు.”

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఎంతసేపని వాదిస్తాడు? యోనా నల్లద్దం అందుకున్నాడు.

బావ పట్టు అంతటితో ఆగలేదు. అదురు తగలకుండా పైపుకూ ఛాసిస్‌కూ మధ్య రబ్బరు ముక్కలు పెట్టబోతే తీసేయించాడు. బురద దూరకుండా పైపు చివర్లు రేకుతో మూయమన్నాడు. ఎడమ పక్కది బెత్తెడు బయటికి రావాలట, ముందు చక్రం దాకా సాగాలట. కుడి పక్కది ఎలా ఉన్నా ఫర్వాలేదట. చర్ల దారిలో గుట్ట ఎడమకే ఉంటుంది కాబట్టి రాళ్ళన్నీ అటే దొర్లుతాయట. తిరిగొచ్చేటప్పుడు ఆ గుట్ట కుడికి రాదా అని అడగబోయి, పొద్దెక్కుతోందని యోనా ఊరుకున్నాడు.

నిజానికి అతనికి బావను చూస్తే జాలేసింది. ఒకప్పుడు పాటలు పాడుకుంటూ ఒంటిచేత్తో స్టీరింగు తిప్పిన మనిషి. ఇప్పుడు రిబ్కా టీ తెచ్చి పక్కన నిలబడి “అన్నా” అని పిలిస్తేనే అదిరిపడ్డాడు. పని పోతే సంపూర్ణక్కనూ పిల్లలనూ ఎలా సాకాలన్న దిగులు మనిషిని తినేస్తోందని యోనా అనుకున్నాడు.

పైపులు బిగించడం అయ్యాక జకర్యా జీపెక్కి, షాపు ముందున్న బండ పక్కగా నెమ్మదిగా పోనిచ్చాడు. ఎడమ పైపు బండకు తగిలి ఖంగుమంది. ఆ మోత వినీ వినకముందే స్టీరింగు కుడికి తిప్పాడు. రేకు మీద గీత కూడా పడలేదు. అప్పుడే వచ్చిన వెంకటప్పయ్య వంగి రెండు వైపులా చూసి, ఇక నిశ్చింతగా తిప్పుకోవయ్యా అన్నాడు. చాలా రోజుల తర్వాత జకర్యా నవ్వాడు.

మధ్యాహ్నానికి వెనక సీట్లు నిండాయి. రిబ్కాను ముందు సీట్లో, జకర్యా పక్కన కూర్చోబెట్టారు. యోనా ఆమె నడుము వెనక దిండు సర్దాడు. ఆమె ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, రెండో చేత్తో సీటు కమ్మీ పట్టుకుంది. వాగు దగ్గర దింపి నడిపించమని, అవతల ఒడ్డున ఎక్కించుకోమని యోనా చెప్పిందే చెప్పాడు. అయినా తృప్తి లేక జీపు చుట్టూ తిరిగి బావ దగ్గరికి వచ్చాడు.

“ఒక్క మాట చెప్పు బావా. పైపు మోగిందంటే రాయి తగిలినట్టే గద. ముందుగాల చూసి తప్పించాలె గానీ, ఆ మోతతోని నీకేం పని?”

జకర్యా గేరు మీద చెయ్యి వేసి, తల పూర్తిగా యోనా వైపు తిప్పి, ఇంజను చప్పుడులో రిబ్కాకు వినబడనంత మెల్లగా అన్నాడు.

“ఎడమ కన్ను కనబడ్తలేదు యోనా.”