మునుపటి మనిషి

"సంతకం ఇక్కడమ్మా," అంటూ నర్సు కాగితం మీద వేలు పెట్టి చూపించడం అది మూడోసారి.

అత్తగారు పెన్ను పట్టుకుని బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. కోడలికి ఒళ్ళు మండిపోతోంది. పక్క గదిలో ఉన్న మామగారి తలలో నిమ్మకాయంత కణితి. రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఆపరేషన్. సాయంత్రంలోగా సంతకం పడకపోతే ఆ టైము వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. మళ్ళీ మూడు వారాల దాకా ఖాళీ లేదు.

"ఆపరేషన్ చేయించకపోతే ఎన్నాళ్ళుంటారండీ?" అంది అత్తగారు.

"ఆరు నెలలు. మహా అయితే ఎనిమిది," అన్నాడు డాక్టరు.

"ఆ ఆరు నెలలూ ఇలాగే ఉంటారా? ఇలా నవ్వుతూ, మాట్లాడుతూ?"

"ఉండరమ్మా. నొప్పి పెరుగుతుంది, చూపు పోతుంది. చేయిస్తే మాత్రం ఎక్కువమంది లేచి తిరుగుతారు." డాక్టరు ఫైలు తిరగేశాడు. "ఇంకో రెండు రాసుకోవాలి. వాంతులున్నాయా?"

"ఉన్నాయండీ."

"మతిమరుపు? స్వభావంలో మార్పు?"

"మతిమరుపుంది. మార్పేం లేదు," అత్తగారు ఠక్కున అంది. "ఆయన మొదట్నుంచీ ఇంతే. చీమకైనా హాని చెయ్యరు."

కొడుకు తలొంచుకుని తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

కోడలు ఆ ఇంటికి వచ్చి ఏడాదిన్నర. ఆరేళ్ళప్పుడే తండ్రి పోయిన పిల్ల. మామగారు వడ్రంగి. కుట్టుమిషను ముందు కూర్చుంటే ఆమె కాళ్ళు నేలకి అందడం లేదని, వచ్చిన వారంలోనే చిన్న పీట చేసి పెట్టాడు. పొద్దున్నే టీ ఆయనే కాస్తాడు. అది పానకంలా ఉందని ఆమె వెక్కిరిస్తే ఇంకో చెంచా చక్కెర వేసి ఇస్తాడు. అలాంటి మనిషి కోసం ఆమె నిన్నటి నుంచీ పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. దేవుణ్ణి ఒక్కటే అడుగుతోంది: మా మామయ్యని మాకు తిరిగిచ్చెయ్.

మిగతావాళ్ళకి మాత్రం దున్నపోతు మీద వాన. బావగారు ఇదే ఊళ్ళో ఉండి కూడా గడప తొక్కలేదు. "సంతకం అమ్మ ఇష్టం," అని ఫోన్ పెట్టేశాడు. భర్త వరండాలో ఒక చివర నుంచి ఇంకో చివరకి నడుస్తున్నాడు, అంతే.

"కాస్త కళ్ళు మూసుకుని దేవుణ్ణి అడగొచ్చుగా!" అంది అతని చెయ్యి పట్టి ఆపి.

"ఏమని అడగాలో తెలీడం లేదు."

"అదేం మాట? నాన్న కావాలని అడుగు!"

అతను చెయ్యి విడిపించుకుని మళ్ళీ నడక మొదలుపెట్టాడు. రాతిగుండెల మనుషుల మధ్యన పడ్డాను అనుకుందామె. విసురుగా వెనక్కి వచ్చి అత్తగారి ముందు నేల మీదే కూర్చుంది.

"మీకేం భయం అత్తయ్యా? నాకు చెప్పండి."

"నాకు ఈ రెండేళ్ళూ చాలే," అంది అత్తగారు మెల్లగా. "దేవుడు ఇచ్చినంత వరకూ ఇలా వెళ్ళిపోనీ."

"ఆయన్ని చేతులారా చంపుకుంటారా?"

"నీకు ఆయనంటే అంత ఇష్టమా?"

"నాకు నాన్న లేడత్తయ్యా. దేవుడు ఈయన్నిచ్చాడు. నా కోసం పెట్టండి."

అత్తగారు ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఎప్పుడో మెట్ల మీద పడి విరిగిందట, వంకరగా అతుక్కున్న మణికట్టు ఆవిడది. ఒక్కో అక్షరమే కష్టపడి పెట్టింది. పెన్ను నర్సుకి ఇచ్చేసి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

సాయంత్రం మామగారికి గుండు గీశారు.

"ఎలా ఉంది? చెక్కకి చిత్రిక పట్టినట్టు లేదూ?" అన్నాడు తల నిమురుకుంటూ. కోడలు ఏడుస్తూనే నవ్వింది. ఆయన భార్య చెయ్యి తీసుకుని తన గుండె మీద పెట్టుకున్నాడు.

"పిచ్చిదానా, ఎందుకంత దిగులు? రెండ్రోజుల్లో లేచి కూర్చుంటా."

"లేచాక ఇదంతా మర్చిపోతే?" అంది అత్తగారు.

"ఏదంతా?"

"ఇదే. ఇలా చెయ్యి పట్టుకోడం."

"దీన్నెలా మర్చిపోతానే!"

ఆవిడ అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారి కంట నీరు కోడలు చూడడం అదే మొదటిసారి. ఎంత ప్రేమో, పైకి చెప్పదు అనుకుంది. ఆవిణ్ణి అపార్థం చేసుకున్నందుకు సిగ్గుపడింది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి డాక్టరు బయటికొచ్చాడు.

"మొత్తం తీసేశాం. మూడేళ్ళుగా పెరుగుతున్నట్టుంది, మెదడు ముందు భాగాన్ని బాగా నొక్కేసింది. ఇక ఆ ఒత్తిడి లేదు. మెల్లగా మునుపటి మనిషి అయిపోతారు."

కోడలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. భర్తను కావలించుకుని భోరుమంది. అతను ఆమె వీపు నిమురుతూ గోడ వంక చూస్తూ ఉండిపోయాడు. అత్తగారు బెంచీ మీద నుంచి లేవలేదు.

మూడో రోజు మామగారిని వార్డులోకి మార్చారు. ముగ్గురూ మంచం చుట్టూ చేరారు. "మామయ్యా!" అని కోడలు పిలిస్తే ఆయన కళ్ళు తిప్పి ఒకసారి చూశాడు, నవ్వలేదు. మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదేమో అనుకుంది. డాక్టరు ఆయన చేత అంకెలు చెప్పించాడు. పాదం మీద గీరి చూశాడు.

"ఏదీ, కుడి చెయ్యి బాగా పైకెత్తండి."

మామగారు చెయ్యి విసురుగా పైకెత్తాడు. "భేష్!" అన్నాడు డాక్టరు. దేవుడు తన మొర విన్నాడని కోడలు రెండు చేతులూ జోడించింది.

మంచం పక్కనున్న అత్తగారు గబుక్కున రెండు చేతులతో తల కప్పుకుంది.