అయిదో ఆజ్ఞ

“తల్లిదండ్రుల్ని సన్మానించమన్నారు కదా టీచర్. వాళ్లు ఎలాంటివాళ్లయినా సరేనా?” సండే స్కూల్లో అడిగింది పాస్టరుగారి పదిహేనేళ్ల కూతురు.

“ఆజ్ఞ అంటే ఆజ్ఞే. అందులో అయితే గియితేలు ఉండవమ్మా,” అంది టీచరు. పిల్లలందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు.

గుమ్మంలో అడుగుల చప్పుడు ఆగింది.

“మా దానికి అన్నీ అనుమానాలే,” అంటూ పాస్టరుగారు నవ్వుతూ లోపలికొచ్చారు. “ప్రార్థన చేద్దాం. కళ్లు మూసుకోండి.”

అందరూ మూసుకున్నారు. టీచరుకి ఎందుకో మనసు కుదురుగా లేక కళ్లు తెరిచింది.

ఆయన ఒక్కొక్కరి తలమీద చెయ్యి పెట్టి దీవిస్తూ కూతురి దగ్గరికొచ్చారు. చెయ్యి పైకి లేవగానే, ఓరకంట చూస్తున్న ఆ పిల్ల బైబిలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

“ఆమెన్. పద, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం,” అన్నారాయన మెల్లగా.

టీచరు వాళ్లిద్దరి మధ్యకొచ్చి నిలబడింది.

“అమ్మాయి ఈ పూట మా ఇంట్లో ఉంటుందండీ. తన ప్రశ్నకి నేను తప్పు జవాబు చెప్పాను.”