ఇరవై ఏడో నంబరు

బెల్టుల మాస్టారు పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

యుద్ధకాలంలో కామన్వెల్త్ సైనికులు ఒంటికి తగిలించుకున్న నూలు పట్టీలు, సంచులు, బెల్టులు పోగుచెయ్యడం ఆయన పిచ్చి. ఇంట్లో మనుషులకన్నా బెల్టులే ఎక్కువ. ముద్ర చూస్తే చాలు, ఏ దేశానిదో, ఏ ఏడాదిదో చెప్పేస్తాడు.

ముద్రల్లో ఒక్క 27 నంబరు దగ్గరే బండి ఆగిపోయింది.

ఆ అంకె ఉన్న ప్రతి పట్టీకీ రెండు కొసల్లోనూ, మిషన్ కుట్టు మీద చేత్తో వేసిన మూడు చిన్న కుట్లుంటాయి. మూడూ ఎడమకే వాలి ఉంటాయి. ఎందుకో తెలీదు, ఎవరివో తెలీదు. పన్నెండేళ్ళుగా రాస్తున్న పుస్తకంలో ఆ ఒక్క పేజీయే ఖాళీ. రేపు పుస్తకం ప్రెస్సుకి వెళ్ళాలి.

నిన్న ఎవరో బూత్ నుంచి ఫోన్ చేశారు.

"పేపర్లో మీ ప్రకటన చూశామండీ. 27 సంగతి తెలిసినవాళ్ళు రేపు పదకొండింటికి మీ ఇంటికొస్తారు. పన్నెండింటి రైలుబండికి వెళ్ళిపోవాలట."

ఎవరో రిటైరైన మేజరు అనుకున్నాడు మాస్టారు. కొత్త చొక్కా తొడిగాడు.

"పెళ్ళిచూపులా ఏంటండీ?" అంది భార్య.

"నీకు తెలీదులే. నువ్వు చెప్పిన ఆ కొత్త టైలరమ్మ ఇంకా రాలేదేం?"

అట్ట మీద వెయ్యాల్సిన 27 పట్టీకి మొన్న ఉతుకుతుంటే ఒక కొస ఊడిపోయింది. మధ్యాహ్నం దాన్ని ఫొటో తియ్యాలి.

పదకొండుకి ఐదు నిమిషాలున్నాయనగా గుమ్మంలో ఒక ముసలామె నిలబడింది. చేతిలో గుడ్డసంచి.

"కుట్టడానికేనా? ఇంత ఆలస్యమా?" అంటూ పట్టీ ఆమె చేతిలో పెట్టేశాడు.

ఆమె ఏదో చెప్పబోయి, పట్టీ చూసి ఆగిపోయింది. ముద్ర మీది అంకెను బొటనవేలితో తడిమింది.

"బాబూ, ఈ నంబరు..."

"తర్వాత, తర్వాత. అవతల పెద్దమనిషి వస్తున్నారు."

ఆమె కుర్చీలో కూర్చుని సంచిలోంచి సూదీ దారం తీసింది. మాస్టారు కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

"ఎడంచేత్తోనా కుట్టేది? సరిగ్గా వస్తుందా?"

"అలవాటే బాబూ. చివర్లో ఇలా అణిచిపెట్టకపోతే, కొస లేచి పిల్లాడి మెడ కోసేస్తుంది."

"ఏ పిల్లాడమ్మా? ఇది ఫొటోకి!"

బయట కారు చప్పుడైతే పరిగెత్తాడు. పక్కింటివాళ్ళది.

"పుస్తకంలో ఈ నంబరు ఏ పేజీలో వస్తుంది బాబూ?"

"అవన్నీ నీకెందుకు పెద్దమ్మా! అయిందా? వెనక గుమ్మంలోంచి వెళ్ళు. ముందువైపు ఆయన వచ్చే వేళయింది."

ఆమె పట్టీని మడిచి బల్ల మీద ఉంచింది. చేత్తో ఒకసారి సర్ది, వెళ్ళిపోయింది.

పన్నెండయింది. స్టేషన్ వైపు నుంచి బండి కూత వినిపించింది. మేజరు రాలేదు.

మాస్టారుకి ఏడుపొచ్చినంత పనైంది. ఖాళీ పేజీలో 'తెలియదు' అని రాసేశాడు.

అప్పుడొచ్చింది టైలరమ్మ, మెడలో టేపుతో, ఆయాసపడుతూ.

"ఏమనుకోకండి మాస్టారూ, మిషన్ మొరాయించింది. ఏదండీ ఆ పట్టీ?"

మాస్టారు వెనక గుమ్మంవైపు ఒకసారి చూశాడు. బల్లవైపు వేలు చూపించాడు.

ఆమె పట్టీ విప్పి, పాత కొసనీ కొత్త కొసనీ పక్కపక్కన పెట్టి, వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"ఇంక నాతో పనేముందండీ? రెండు కొసలూ ఒక్క చెయ్యే కుట్టిందిగా!"