రాతిపువ్వు మందు

మోతీ బండల మీంచి గీరి తెచ్చిన రాతిపువ్వును రోట్లో నూరుతుంటే, దాని మీద పరిశోధనకు ఖమ్మం నుంచి వచ్చే సాహిత్య గబగబా వచ్చి ఆమె చేయి పట్టుకుంది.

"ఆపక్కా. ఇంక పాపకు ఇది పూయొద్దు."

"దీంట్ల మందు గుణం ఉందని మీరే అంటిరి గద మేడం."

ఆ మాట నమ్మే మోతీ, బిడ్డ సోని ఒంటిమీద పొలుసులు లేచిన చోటల్లా రోజూ దట్టంగా పట్టించింది.

"గుణం ఉంది. వాపు, దురద తగ్గిస్తుందని ల్యాబులో తేలింది. కానీ అందులోనే సీసం లాంటి విషాలూ దొరికాయి. బొగ్గు లారీల దుమ్ములోవి."

"కడిగి నూరుత."

"కడిగితే పోవు. రాతిపువ్వుకు వేర్లుండవక్కా. గాలిలో ఏదుంటే అదే తాగి పెరుగుతుంది."

తండా పక్క రోడ్డు మీద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. గడప మీద సోని మోచేయి గోక్కుంటూ దగ్గుతోంది. మోతీ రోట్లోంచి చేయి తీసింది.

"ఇది పుట్టినప్పటిసంది గీ గాలే పీలుస్తంది."



మోతీ సాహిత్య సంచిలోంచి రాళ్లు గీరే చిన్న కత్తి, కాగితం కవరు తీసి ఆమె చేతిలోనే పెట్టింది. బిడ్డ చేతిని ముందుకు చాపింది.

"రాయి మీదిది గీరి తీస్కపోయిండ్రు గద. దీని పొలుసులు గూడ ఇన్ని తీస్కపోండ్రి మేడం. దీంట్ల ఏముందో చూసి చెప్పుండ్రి."