తారుమారైన నంబర్లు

“హలో, ప్లైవుడ్ కొట్టేనా? నిన్న చెప్పిన షీట్లు ఇంకా రాలేదేంటండీ?”

“ముందు ఏ పన్ను నొప్పో చెప్పండి,” అంది అవతలి గొంతు.

వడ్రంగి ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాడు. పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. నిద్ర లేచేసరికి ఫోన్ దానంతటదే అప్‌డేట్ అయిపోయింది. పేర్లు అవే, నంబర్లూ అవే, కాకపోతే ఒకరి పేరు కింద ఇంకొకరి నంబరు చేరింది.

“పళ్ల డాక్టరుదీ నీదీ ఒకటే పని. ఇద్దరి చేతిలోనూ పట్టకారేగా, సర్దుకుపో,” అంది భార్య టీ గ్లాసు అందిస్తూ.

“నీకు నవ్వులాటగా ఉంది. మధ్యాహ్నానికి ఆ షోకేసు తలుపులు బిగించకపోతే వాళ్లు నన్ను బతకనివ్వరు.”

“చాలా స్మార్ట్‌ఫోన్లకి ఇదే తెగులట. రెండు మూడు రోజుల్లో బాగుచేస్తారని టీవీలో చెప్పారు.”

అంతలో ఫోన్ మోగింది. తెర మీద ‘గ్యాసాయన’ అని పడింది.

“చెప్పండి,” అన్నాడు విసుగ్గా.

“హలో... కరెంటు పనాయనేనా?”

రంపం మీద చెయ్యి ఆగిపోయింది. అన్నయ్య గొంతు. అది అతనితో మాట్లాడి ఆరేళ్లయింది.

అప్పట్లో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే కార్ఖానా. ఎవరో వచ్చి సొరుగు పట్టేస్తోందని గొడవ చేస్తే, “అది మావాడు చేసింది. నేను చేసుంటే అలా పట్టెయ్యదు,” అన్నాడు అన్నయ్య నలుగురి ముందూ. తమ్ముడు పనిముట్లు సంచిలో వేసుకుని బయటికొచ్చేశాడు. రెండు వీధుల అవతల సొంతంగా కొట్టు పెట్టాడు. అప్పట్నుంచీ ఎదురుపడితే ఒకరు ఈ పక్కకీ, ఇంకొకరు ఆ పక్కకీ. ముందు నోరు విప్పినవాడు ఓడిపోయినట్టే లెక్క. పిచ్చి పట్టుదల కాకపోతే ఏంటి?

“కాదు,” అన్నాడు తమ్ముడు.

“ఓహో. నంబరు తప్పినట్టుంది.”

“అప్‌డేట్ అయ్యుంటుంది. అందరి ఫోన్లూ ఇలాగే ఏడుస్తున్నాయి.”

“ఆఁ... అదే. అప్‌డేటే అయ్యుంటుంది.”

నువ్వు అనీ అనలేదు, మీరు అనీ అనలేదు. ఇద్దరూ గోడకి చెప్పినట్టు మాట్లాడుకుని పెట్టేశారు.

మర్నాడు మళ్లీ మోగింది. “పళ్ల డాక్టరుగారేనా?”

“కాదు. పన్ను నొప్పా?”

“దవడ పన్ను. అదలా ఉంచితే, ఆ చప్పుడేంటి, చిత్రిక పట్టడమా?”

“ఆఁ. టేకు చెక్క.”

“బ్లేడు మొద్దుబారింది. ఇక్కడికే తెలుస్తోంది.”

తమ్ముడికి ఒళ్లు మండింది. అయినా ఫోన్ పెట్టేశాక బ్లేడు ఊడదీసి చూశాడు. నిజంగానే మొద్దుబారింది. సానరాయి కోసం వెతుకుతూ తనలో తనే నవ్వుకున్నాడు.

మూడోరోజు రెండుసార్లు వచ్చింది. రెండోసారి అన్నయ్య ఎవరి పేరూ అడగలేదు.

“ఒరేయ్, ఎవరికి చేసినా నీకే వస్తోందేంట్రా?”

ఆ ‘ఒరేయ్’ వినగానే తమ్ముడు చేతిలో ఉలి కింద పెట్టేశాడు. “ఏమో అన్నయ్యా. పాడు అప్‌డేట్,” అన్నాడు.

పావుగంట మాట్లాడుకున్నారు. మోకాళ్ల నొప్పుల గురించి, మంచి కలప దొరకడం లేదని, వదిన కొత్త కళ్లజోడు గురించి. సొరుగు ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

నాలుగోరోజు పొద్దున్నే భార్య ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. “బాగైపోయింది. ఇంకో అప్‌డేట్ వచ్చి ఎవరి నంబరు వాళ్లకి చేరింది.”

చూశాడు. ప్లైవుడ్ కొట్టు ప్లైవుడ్ కొట్టే. పళ్ల డాక్టరు పళ్ల డాక్టరే. కలగాల్సిన సంతోషం కలగలేదు. ఇంక ఎవరి ఫోనూ తప్పు నంబరుకి పోదు. అంటే అన్నయ్య ఫోన్ రాదు.

రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. ఒకే చెక్కని మూడుసార్లు కొలిచి, చివరికి అంగుళం తక్కువ కోశాడు. ఎక్కడ ఏ ఫోన్ మోగినా జేబు తడుముకున్నాడు.

“నువ్వే చెయ్యొచ్చుగా?” అంది భార్య.

“ఏమని చెయ్యను? నా ఫోన్ బాగైపోయిందిగా!”

భార్య నొసలు కొట్టుకుంది.

సాయంత్రానికి ఇంక ఉండబట్టలేక చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. ఆ రెండు వీధులూ దాటేలోగా మూడుసార్లు వెనక్కి తిరిగాడు. వదిన తలుపు తీసి, ఒక్క క్షణం తెల్లబోయి, “ఏమండీ, ఎవరొచ్చారో చూడండి!” అని కేకేసింది.

అన్నయ్య కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. జుట్టు బాగా నెరిసింది.

“ఏరా?”

“ఏం లేదు. కొందరి ఫోన్లు ఇంకా బాగవ్వలేదట. నీది ఎలా ఉందో చూద్దామని. ఇలా ఇవ్వు, సరిచేసి పెడతాను.”

“వద్దులే. బాగానే ఉంది.”

“బాగుంటే రెండ్రోజుల్నుంచి ఎందుకు చెయ్యలేదు?” అనేసి తమ్ముడు నాలిక్కరుచుకున్నాడు.

“బాగైంది కాబట్టే చెయ్యలేదు,” అన్నాడు అన్నయ్య నేల చూపులు చూస్తూ.

“నిన్ను నమ్మలేం. ఇవ్వన్నయ్యా, ఒక్క నిమిషం.”

అన్నయ్య వదిన వైపు చూశాడు. ఆవిడ నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి తప్పుకుంది. ఇంక తప్పదన్నట్టు చొక్కా జేబులోంచి ఫోన్ తీసి, తమ్ముడి అరచేతిలో పెట్టాడు.

అది బటన్ల ఫోను.