ఊదారంగు వేలిముద్ర

మళ్ళీ అదే ముద్ర.

ఓవెన్‌లోంచి తీసిన కాగితాన్ని డాక్టర్ సిక్స్టెన్ పటకారుతో కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. మందు చల్లి వేడి చేస్తే అమైనో ఆమ్లం ఉన్నచోటల్లా ఊదామచ్చ తేలుతుంది. మచ్చలు బాగానే తేలాయి. కుడి అంచున, ఆయన ఎదురుచూస్తున్న మచ్చ రావలసిన చోట మాత్రం ఎవరిదో బొటనవేలు. గీతలు పోల్చుకోలేనంతగా అలుక్కుపోయింది. ఈ మధ్య ప్రతి కాగితానికీ ఇదే వరస.

చేతి చెమటలోనూ అమైనో ఆమ్లాలుంటాయి. అందుకే ఉప్సాలాలోని ఆ ప్రయోగశాలలో గ్లౌజులు లేకుండా కాగితం జోలికి పోకూడదు. ఆ నియమం ఆయన పెట్టిందే.

"ఎవరో మన కాగితాలు తిరగేస్తున్నారు. సంగతులు బయటికి చేరవేస్తున్నారు."

"దెయ్యమేమోనండీ," సహాయకురాలు ఎడ్లా నవ్వింది.

"దెయ్యాలకి చెమట పట్టదు. నా దగ్గర జీతం తీసుకునేవాళ్ళకే పడుతుంది."

ఎడ్లా నవ్వు ఆగిపోయింది.

ఆయన చూపు టోరా మీద నిలిచింది. ఏళ్ళుగా కాగితాలు ఆరవేసేది ఆవిడే.

"నేను గ్లౌజులు తీయనే లేదు డాక్టర్ గారూ. కాఫీ తాగేటప్పుడు తప్ప."

"అయితే కాఫీ తాగొచ్చి పట్టుకున్నావన్నమాట."

"అయ్యో, నాకు తెలీదాండీ? ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఈ పని పోతే మేమేం కావాలి?"

"అదే నేనూ అంటున్నా. అవసరాలున్న మనిషివి. ఏమిస్తామన్నారు వాళ్ళు?"

టోరా గ్లౌజులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. కోటు తగిలించుకుని వెళ్ళిపోయింది. ఎడ్లా మెట్లదాకా ఆమె వెంట వెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

ఆ సాయంత్రం సిక్స్టెన్ గ్లౌజులు తొడుక్కుని, కొత్త కాగితాన్ని తనే తీగకి వేలాడదీశాడు. తలుపుకి కొత్త తాళం బిగించాడు. తాళంచెవి ఎడ్లాకి కూడా ఇవ్వలేదు.

పొద్దున అందరికంటే ముందే వచ్చాడు. తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల కాగితం కదలకుండా వేలాడుతోంది.

'ఇప్పుడు ముట్టుకోండి చూద్దాం,' అనుకున్నాడు.

ఆ తృప్తితోనే, ఫలితం కోసం ఆగలేక ఈ మధ్య రోజూ చేస్తున్నట్టే, కాగితం కుడి అంచుని ఒట్టి వేళ్ళతో పట్టుకుని, తడి ఆరిందో లేదోనని ముక్కు దగ్గరకి తెచ్చుకుని వాసన చూశాడు.