చెవి వెనక దాకా

“పిండి డబ్బాలో పడ్డ పిల్లిలా ఉన్నావే! ఆ తెల్ల పౌడరు తుడిచేసి గోధుమరంగుది రాసుకో,” అంది అత్త ఓయ్‌జమాల్.

పత్తిచేలో ఎండకి కమిలిన మొహం మొగుడి కంట పడకూడదని మవ్జూనా తంటాలు. గోధుమరంగుది అద్దుతుండగానే మాస్కో నుంచి వీడియో కాల్ వచ్చేసింది.

“నా కొడుకు మొహం ఎంత తేటపడిందో!” అత్త మురిసిపోయింది.

మవ్జూనాకి పౌడరు కిందున్న వాపు కనిపించింది. “చెంపకేమైందండీ?”

“మెట్ల మీద పడ్డాను. మీరు బెంగపడతారని నేనే కాస్త పౌడరద్దుకున్నాలే,” అన్నాడు సియావూష్.

మవ్జూనా ఫోను దగ్గరికి లాక్కుంది. పౌడరు అతని రంగుకి అచ్చంగా సరిపోయింది. చెవి వెనక దాకా, మెడ కింద దాకా, ఎక్కడా గీతన్నది లేదు. తన మొహానికి తనకే ఏనాడూ అలా కుదరలేదు.

“ఎంత ఓపిగ్గా అద్దిందో!” అంది. “ఆవిడకి నా సలాం చెప్పండి.”